విశాఖ వంటింట్లో మొదటి బ్రెడ్డు: ఎలా చేయాలి?

బ్రెడ్డు చేయడం నేర్పే పుస్తకాలూ వీడియోలూ చాలావరకు చలి దేశాల్లో పుట్టినవి. గోరువెచ్చని నీళ్లు పోయమంటాయి, పిండిని వెచ్చటి చోట పెట్టి గంటన్నర, రెండు గంటలు ఆగమంటాయి. మే నెలలో గాజువాకలోనో మధురవాడలోనో వంటింట్లో నిలబడి ఆ మాట చదివితే నవ్వొస్తుంది. వెచ్చగా లేని చోటు ఎక్కడుందని? ఆ లెక్కే పాటిస్తే పిండి గబగబా పొంగి, పులిసిపోయి, తీరా ఓవెన్‌లోకి వెళ్లాక కుంగిపోతుంది. అందుకే మన ఊళ్లో బ్రెడ్డు మొదలుపెట్టేవాళ్లు గడియారాన్ని కాదు, పిండిని చూడటం నేర్చుకోవాలి. ఇడ్లీ పిండి వేసవిలో ఎంతసేపట్లో పులుస్తుందో, జనవరిలో ఎంత సతాయిస్తుందో తెలిసిన చేతికి ఇదేమీ కొత్త విద్య కాదు.

ఒక బ్రెడ్డుకి మైదా 300 గ్రాములు, నీళ్లు 190 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను, ఉప్పు ఒక టీస్పూను, పంచదార ఒక టేబుల్ స్పూను, నూనె గానీ వెన్న గానీ రెండు టేబుల్ స్పూన్లు చాలు. నీళ్లలో సగానికి బదులు కాచి చల్లార్చిన పాలు పోస్తే బ్రెడ్డు మెత్తగా వస్తుంది. ఎండలు ముదిరినప్పుడు ఈస్ట్ ముప్పావు టీస్పూనుకి తగ్గించండి. ఉప్పు మాత్రం తగ్గించొద్దు. అది రుచి కోసమే కాదు, ఈస్ట్ జోరుని అదుపులో పెట్టేదీ అదే. వీలుంటే కాటా మీద తూచుకోండి, కప్పు కొలతలు చేతికో తీరుగా ఉంటాయి. మొదటిసారే మొత్తం గోధుమపిండితో చేయాలని పట్టుబట్టకండి. అది నీళ్లు ఎక్కువ తాగుతుంది, బ్రెడ్డు బరువుగా వస్తుంది. మైదాతో చెయ్యి తిరిగాక సగం సగం కలుపుకోవచ్చు.

ఈస్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బ్రెడ్డు పొంగకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఈస్ట్ ఒక సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ గాలికే పిండి పొంగుతుంది. ప్యాకెట్లు రాకముందు మన దేశంలో చాలాచోట్ల బ్రెడ్డు పిండిని కల్లు పోసి పులియబెట్టేవారు, కల్లులో ఉండేదీ ఈస్టే మరి. కేకు సామాన్లు అమ్మే దుకాణాల్లో, పెద్ద సూపర్ మార్కెట్లలో చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. తారీఖు చూసి కొనండి. సముద్రపు గాలిలో తేమకి విప్పిన ప్యాకెట్ తొందరగా పాడవుతుంది కనుక గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పాతదైతే పావు కప్పు నీళ్లలో చిటికెడు పంచదార, కాస్త ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే పారేయడమే.

నీళ్ల విషయంలో మనది వేరే లెక్క. వేసవి మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నుంచి కుళాయిలో వచ్చే వేడి నీళ్లు వాడకండి. కుండలోని నీళ్లు పోయండి, మరీ ఉక్కగా ఉంటే ఫ్రిజ్ నీళ్లయినా పరవాలేదు. డిసెంబరు, జనవరిల్లో మాత్రం గోరువెచ్చనివి వాడుకోవచ్చు.

మైదా, ఈస్ట్, పంచదార, ఉప్పు కలిపి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. వానాకాలంలో పిండికి ముందే చెమ్మ పట్టి ఉంటుంది, చివరి రెండు చెంచాల నీళ్లు ఆపి చూసుకోండి. ముద్దయ్యాక పది నిమిషాలు వదిలేయండి. తర్వాత నూనె చేర్చి పది పన్నెండు నిమిషాలు పిసకాలి. చపాతీ పిండికన్నా జిగటగా ఉంటుంది, ఆ జిగటకి భయపడి పొడిపిండి గుమ్మరించడమే కొత్తవాళ్లు చేసే పని. దాంతో బ్రెడ్డు గట్టిపడుతుంది. చేతికి కాస్త నూనె రాసుకుని మడత పెడుతూ, ముందుకు తోస్తూ పిసకండి. చిన్న ముక్క తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనబడేంత పల్చని పొర రావాలి. వచ్చిందంటే చాలు.

నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత వేయండి. రెండింతలు కావాలి. మే నెలలో ముప్పావుగంట పట్టొచ్చు, జనవరిలో గంటన్నర. వేలు పిండిలో ముంచి ముద్దని నొక్కండి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా టైముంది, మెల్లగా సగం పూడితే సిద్ధమైనట్టు, అసలు కదలకపోతే మించిపోయినట్టు. మించినా కంగారు లేదు, మళ్లీ ముద్ద చేసి ఇంకోసారి పొంగనివ్వండి.

గాలి నొక్కేసి, చదరంగా పరిచి, గట్టిగా చాపలా చుట్టి, అంచు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్‌లో పెట్టండి. ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న టిన్ సరిపోతుంది. అంచు దాటి అంగుళం పైకి లేచేదాకా ఆగండి. ఈ రెండో పొంగు మొదటిదానికన్నా తొందరగా అవుతుంది కాబట్టి మధ్యలోనే ఓవెన్ వెలిగించుకోవాలి. 190 డిగ్రీల దగ్గర బాగా కాగాకే టిన్ లోపలికి. ఈ సంగతి ఉక్కునగరం వాళ్లకి నేను చెప్పాలా! 30 నుంచి 35 నిమిషాల్లో పైన ఎర్రబడుతుంది. టిన్‌లోంచి తీసి అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి.

ఓవెన్ లేకపోతే దళసరి గిన్నె అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూతతో పది పదిహేను నిమిషాలు కాగనివ్వండి. టిన్ దించి, బిగుతుగా మూసి, సన్నటి మంట మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పైభాగం తెల్లగానే ఉంటుంది, పెనం మీద బోర్లించి ఒక నిమిషం కాల్చుకోండి. రబ్బరు, విజిల్ తీసేసి కుక్కర్లో చేసేవాళ్లూ ఉన్నారు. నేనైతే వద్దంటాను, నీళ్లు లేకుండా కాగితే కుక్కర్ పాడవుతుంది.

స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీలున్న ఇళ్లకి ఫ్రిజ్ పెద్ద ఉపకారం. ఈస్ట్ అర టీస్పూను వేసి, పిసికి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో నెమ్మదిగా పొంగుతుంది, రుచి కూడా బాగుంటుంది. వచ్చాక చుట్టి టిన్‌లో పెడితే చలువ పోయి పొంగడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

బేకరీ బ్రెడ్డంత ఎత్తు రాలేదని దిగులొద్దు, అందులో పొంగు పెంచే మందులుంటాయి. వాటిలో పొటాషియం బ్రోమేట్‌ని 2016లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మానిపించింది కూడా. పూర్తిగా చల్లారాకే కోయండి, వేడి మీద కోస్తే లోపల ముద్దముద్దగా అంటుకుంటుంది. బూజు ఆపే మందులేవీ వేయలేదు కాబట్టి ఈ ఉక్కలో మూడో రోజుకే చుక్కలు పడొచ్చు. ఫ్రిజ్‌లో పెడితే తొందరగా గట్టిపడుతుంది. రెండో రోజే మిగిలినవి ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, లేదా ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు వేసి బ్రెడ్ ఉప్మా చేసేయండి.