కరేజ్: గుండెలో పుట్టిన మాట

మీ పిల్లలను 'కరేజ్' అంటే ఏమిటని అడిగి చూడండి. 'ధైర్యం' అని వెంటనే చెబుతారు. ధైర్యమంటే ఏమిటని మళ్ళీ అడగండి. 'భయం లేకపోవడం' అంటారు. ఈ రెండవ జవాబు సరియైనదేనా? మాట పుట్టుకను చూద్దాం.

లాటిను భాషలో 'కోర్' అంటే గుండె. దాని నుండి పాత ఫ్రెంచి భాషలో ఒక మాట ఏర్పడింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి పాలకుల భాష ఫ్రెంచి అయింది. అలా ఇంగ్లీషులో చేరిన అనేక ఫ్రెంచి మాటలలో ఇదొకటి. మొదట దీనికి మనసు, కోరిక, ఉద్దేశం అనే అర్థాలు కూడా ఉండేవి. 1400లో మరణించిన కవి చాసర్ తన 'కాంటర్‌బరీ కథలు' ఆరంభంలో చిన్న పిట్టల మనసును కూడా ఈ మాటతోనే చెప్పాడు. తర్వాత తర్వాత, ఆపదలో నిలబడే గుండెకే ఈ మాట మిగిలింది.

మనం కూడా 'గుండె ధైర్యం', 'గుండె నిబ్బరం' అంటాం కదా! దీనికి వ్యతిరేక పదం 'కవర్డ్', అంటే పిరికివాడు. దాని మూలం లాటినులో తోక అనే అర్థమిచ్చే 'కౌదా'. వెనుకంజ వేసినవాణ్ణి మనం 'తోక ముడిచాడు' అనడం గుర్తు చేసుకోండి.

భయం లేకపోవడానికి ఇంగ్లీషులో 'ఫియర్‌లెస్', మనకు 'నిర్భయం' అనే మాటలు వేరుగా ఉన్నాయి. మన 'ధైర్యం' సంస్కృతంలోని 'ధీర' శబ్దం నుండి వచ్చింది. స్థిరంగా నిలబడడం దాని భావం. కరేజ్‌లో గాని, ధైర్యంలో గాని 'భయం లేదు' అన్న మాటే లేదు. కాళ్ళు వణుకుతున్నా నిలబడినవాడు ధైర్యవంతుడే.

తల్లిదండ్రులారా, ఇక్కడ మనకొక పాఠం ఉంది. 'ఎన్‌కరేజ్' అంటే మూలార్థంలో గుండెను ఇవ్వడం. 'డిస్కరేజ్' అంటే ఉన్న గుండెను తీసివేయడం. పరీక్ష ఉదయం అన్నం ముట్టని పిల్లవాణ్ణి "పిరికివాడా, దీనికే భయమా?" అంటే ఆ రెండింటిలో మనం చేసినది ఏది? "భయం వేస్తుంది నాయనా, అందరికీ వేస్తుంది. అయినా వెళ్ళి రాయి, నేను గేటు దగ్గరే ఉంటాను" అంటే చేసినది ఏది?

ఈ వారం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు, మీరు భయపడుతూనే చేసిన ఒక మంచి పనిని పిల్లలకు చెప్పండి. కరేజ్ అనే మాటకు అర్థం నిఘంటువు కంటే బాగా వారికి తెలుస్తుంది.