భుజమునకు దెబ్బ తగిలిన పిమ్మట బలము చేకూర్చుకొను విధము

మానవదేహమునందలి కీళ్ళన్నిటిలోను భుజపు కీలు మిక్కిలి స్వేచ్ఛగా కదలునది. తల దువ్వుకొనుట, బావినుండి నీరు చేదుట, బస్తా ఎత్తుట, బంతి విసరుట, వీపు రుద్దుకొనుట మున్నగు పనులన్నియు ఈ కీలు సవ్యముగా నున్నప్పుడే సాధ్యమగును. ఇట్టి కీలునకు దెబ్బ తగిలినప్పుడు జనులు సాధారణముగా రెండు విధములైన పొరపాట్లు చేయుచుందురు. కొందరు నొప్పికి వెరచి చేతిని నెలల తరబడి కదలింపకుందురు. అందువలన కీలు బిగిసిపోవును. మరికొందరు నొప్పి కొంచెము తగ్గినంతనే మునుపటి బరువుల నెత్తుటకు పూనుకొందురు. అందువలన మానుచున్న భాగము తిరిగి చెడును. ఈ రెండు దారులకును నడుమ సురక్షితమైన దారి యొకటి కలదు. క్రమక్రమముగా కదలిక, ఆ పిమ్మట క్రమక్రమముగా బలము చేకూర్చుకొనుటయే ఆ దారి.

భుజపు కీలు నిర్మాణము

దండచేతి ఎముక పైకొన బంతివలె గుండ్రముగా నుండును. వీపు పైభాగమున రెక్కవలె కనబడు ఎముకను అంసఫలకమందురు. ఆ ఫలకపు అంచున లోతులేని చిన్న గుంట యొకటి యున్నది. బంతి ఈ గుంటకు ఆనుకొని తిరుగుచుండును. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో ఇమిడియుండును. భుజములో నది చిన్న పళ్ళెమున నిలిపిన నిమ్మపండు వలె నుండును. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు తిరుగగలదు. అందుచేతనే భుజము సులభముగా తొలగునదియు నగుచున్నది.

ఈ బంతిని గుంట నడుమ నిలుపు భారము ముఖ్యముగా నాలుగు చిన్న కండరములది. ఇవి అంసఫలకమునుండి బయలుదేరి బంతిని తొడుగువలె చుట్టుకొనియుండును. వైద్యులు వీనిని రొటేటర్ కఫ్ అందురు; ఇచ్చట తొడుగు కండరములని చెప్పబడును. భుజముపై గుండ్రముగా కనబడు పెద్ద కండరము చేతిని పైకెత్తును. కాని అది యొంటరిగా లాగినచో బంతి పైకి జరిగి పైనున్న ఎముకకు ఒరయును. అట్లు జరుగకుండ తొడుగు కండరములు బంతిని గుంటలోనికి అదిమిపట్టును. దెబ్బ తగిలిన పిమ్మట పెద్ద బరువులతో గాక చిన్న బరువులతో వ్యాయామము ప్రారంభింపవలెనని చెప్పుటకు కారణమిదియే. పెద్ద కండరము బలిసి, తొడుగు కండరములు బలహీనముగా నున్నచో భుజము చూపులకు దృఢముగా నున్నను పనికి నిలువదు.

సాధారణముగా తగులు దెబ్బలు

కబడ్డీ ఆటలోను, కుస్తీలోను, మోటారు సైకిలు నుండి పడినప్పుడును భుజము తొలగుట కలదు. సాధారణముగా బంతి ముందువైపునకే తొలగును. ఒకమారు తొలగిన భుజము మరల తొలగు ప్రమాదము యువకులలో మిక్కిలి హెచ్చు. నలుబది యేండ్లు దాటినవారిలో భుజము తొలగినప్పుడు తొడుగు కండరములు చిరుగుట తరచుగా కనబడును. గోడలకు రంగులు వేయువారు, బరువులు మోయు హమాలీలు మొదలగు వారిలో ఏండ్ల తరబడి చేతులెత్తి పని చేయుటచేతను, వయసుచేతను ఆ కండరముల కొనలు అరిగి చిరుగవచ్చును. ఎముకలు గుల్లబారిన వృద్ధులు, అందును స్త్రీలు, చేతిపై పడినప్పుడు దండచేతి ఎముక పైకొన విరుగవచ్చును.

పైకి ఒకే విధముగా నొప్పి కలిగించు ఈ దెబ్బలకు చికిత్స ఒకటి కాదు. కావున దెబ్బ తగిలినంతనే వైద్యుని చూచి ఎక్స్‌రే తీయించుకొనవలెను. తొలగిన భుజమును తెలియనివారిచేత లాగించుట కూడదు. ఎముక కూడ విరిగియున్నచో అట్లు లాగుటవలన విరిగిన ముక్కలు కదలి, చంకలోని నరములకును రక్తనాళములకును హాని కలుగవచ్చును.

గాయము మానుటకు పట్టు కాలము

మొదటి కొన్ని దినములు వాపును, నొప్పియు నుండును. తరువాత సుమారు ఆరు వారముల వరకు చిరిగినచోట క్రొత్త కణజాలము పెరుగును. అది యింకను పచ్చి గోడ వంటిది. ఆ పిమ్మట నెలల తరబడి ఆ కణజాలము తనపై పడు భారమునకు తగినట్లు గట్టిపడుచుండును. పచ్చి గోడపై దూలమెత్తినచో గోడ కూలును. అట్లని గోడను ఎన్నడును భారమునకు అలవాటు చేయకున్నచో ఇల్లు పూర్తికాదు.

శస్త్రచికిత్స లేకుండ సరిచేయబడిన తొలగుడునకు వైద్యులు సాధారణముగా ఒకటి మొదలు మూడు వారములు చేతిని జోలెలో నుంచుదురు. చిరిగిన తొడుగు కండరములను కుట్టినప్పుడు జోలె నాలుగు మొదలు ఆరు వారములుండును. బలము చేకూర్చు వ్యాయామము సాధారణముగా మూడు నెలలకు గాని ప్రారంభింపరు. ఈ గడువులు మనిషినిబట్టి మారును. చికిత్స చేసిన వైద్యుని మాటయే ప్రమాణము.

మొదటి మెట్టు: జోలెలో నున్న కాలము

చేయి జోలెలో నున్నంతమాత్రమున దేహమంతయు విశ్రాంతి తీసికొనవలసిన పని లేదు. దినమునకు పలుమారులు పిడికిలి బిగించి విప్పవలెను, మణికట్టును తిప్పవలెను. వైద్యుడు అనుమతించినచో మోచేతిని ముడిచి చాపవలెను. నడక మానకూడదు, పడిపోవు భయము లేనివారు బస్కీలు తీయవచ్చును. బాగుగానున్న చేతితో తేలికపాటి బరువులెత్తుట కూడ మేలు. ఒక చేతికి వ్యాయామము చేసినచో రెండవ చేతి బలము కూడ కొంత పెరుగునని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 1894లోనే గమనింపబడినది. ఇందుకు ముఖ్యకారణము కండరములకు ఆజ్ఞలిచ్చు నాడీమండలము రెండు చేతులకును ఒక్కటే యగుట.

రెండవ మెట్టు: కదలిక

వైద్యుని అనుమతి లభించిన పిమ్మట లోలక వ్యాయామముతో ప్రారంభింపవలెను. బాగుగానున్న చేతిని బల్లపై ఆనించి, నడుము వంచి, దెబ్బతగిలిన చేతిని గడియారపు లోలకమువలె వ్రేలాడనిచ్చి, దేహమును మెల్లగా ఊపుటచేత ఆ చేయి ముందువెనుకలకును, చిన్న వలయములుగాను కదలునట్లు చేయవలెను. చేయి తన బలముతో కదలరాదు. బోస్టను నగరమున భుజవ్యాధులపై కృషి చేసి 1934లో ఆ విషయమున ఒక గ్రంథము ప్రకటించిన ఎర్నెస్ట్ కాడ్‌మన్ అను శస్త్రవైద్యుని పేరిట ఈ వ్యాయామము నేటికిని ప్రసిద్ధము.

తరువాత వెల్లకిల పండుకొని రెండు చేతులతో ఒక కర్రను పట్టి, బాగుగానున్న చేతి బలముతో రెండవ చేతిని మెల్లగా పైకెత్తవలెను. గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్ళతో గోడపై ప్రాకించుచు చేతిని కొంచెము కొంచెముగా పైకి తీసికొనిపోవచ్చును. చేరిన యెత్తున గోడపై ప్రతివారము సుద్దతో గీత గీసినచో అభివృద్ధి కన్నులకు కనబడి రోగికి ఉత్సాహము కలుగును.

మూడవ మెట్టు: కదలని బలప్రయోగము

గోడప్రక్క నిలిచి, మోచేతిని ముడిచి నడుమునకు ఆనించి, పిడికిలితో గోడను మెల్లగా నెట్టవలెను. చేయి కదలదు, కండరము మాత్రము బిగియును. ముందునకు, వెనుకకు, లోపలికి, వెలుపలికి ఈ విధముగా ఒక్కొక్క దిక్కున అయిదు సెకండ్లు నెట్టి విడువవలెను. పదేసి మారులు చాలును. మొదట బలములో నాలుగవ వంతు మాత్రమే ప్రయోగింపవలెను. ఊపిరి బిగబట్టరాదు.

నాల్గవ మెట్టు: తేలికపాటి బరువులు

ఇందుకు ఖరీదైన పరికరములు అవసరము లేదు. అర లీటరు నీరు పట్టు సీసా నించినచో సుమారు అర కిలో బరువగును. లీటరు సీసా ఒక కిలో. పాత సైకిలు ట్యూబును పొడవుగా కోసి కిటికీ కమ్మికి కట్టినచో సాగు పట్టీగా ఉపయోగపడును.

మోచేతికిని ప్రక్కటెముకలకును నడుమ మడిచిన తువాలు నుంచి, ట్యూబు కొనను పట్టి, ముంజేతిని తలుపు తెరచినట్లు వెలుపలికి త్రిప్పవలెను. మెల్లగా తిరిగి తీసికొనిరావలెను. అటు తరువాత లోపలివైపునకు లాగవలెను. తొడుగు కండరములకు ఇవి ప్రధానమైనవి. రెండు చేతులతో ట్యూబును పట్టి మోచేతులు వెనుకకు పోవునట్లు లాగుచు, అంసఫలకములను వెన్నెముకవైపు దగ్గరకు చేర్చవలెను. తరువాత గోడకు చేతులానించి నిలువుగా దండీలు తీయవలెను. ఒక్కొక్క వ్యాయామమును పదిమొదలు పదునైదు మారులు చేసి, ఒక నిమిషము విశ్రమించి, మొత్తము మూడు విడతలుగా చేయవలెను. దినము విడిచి దినము చేయుట మంచిది; కండరము బలపడునది విశ్రాంతి సమయముననే.

బరువు హెచ్చించు నియమము

రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు చికిత్స చేయుచు థామస్ డెలార్మ్ అను అమెరికను సైనికవైద్యుడు క్రమముగా బరువు హెచ్చించు పద్ధతిని రూపొందించి 1945లో ప్రకటించెను. మనిషి సరిగా పదిమారులు మాత్రమే ఎత్తగల బరువును కొలతగా గ్రహించుటయే ఆ పద్ధతికి మూలము. 1948లో ఆయనయు, వాట్కిన్స్ అను వైద్యుడును దానిని సులభము చేసి మూడు విడతలు చాలుననిరి: మొదటి విడతకు ఆ బరువులో సగము, రెండవదానికి ముప్పాతిక, మూడవదానికి పూర్తి బరువు.

మానుచున్న భుజమునకు ఇంతకంటెను మృదువైన నియమము చాలును. ఒక బరువుతో పదునైదు మారుల చొప్పున మూడు విడతలు వరుసగా రెండు పర్యాయములు సుఖముగా చేయగలిగినచో, పావు కిలో మొదలు అర కిలో వరకు హెచ్చింపవచ్చును. నొప్పిని సున్న మొదలు పది వరకు మనస్సులో కొలుచుకొనవలెను. వ్యాయామ సమయమున మూడు లోపల నుండి, మరునాటి ఉదయమునకు సర్దుకొను నొప్పి సాధారణముగా హాని చేయదు. అంతకు మించినను, రాత్రి నిద్ర చెరచినను, మరునాడు చేయి మునుపటికంటె తక్కువ ఎత్తునకు లేచినను బరువు హెచ్చయినదని గ్రహించి వెనుకటి మెట్టునకు దిగవలెను.

అయిదవ మెట్టు: పనికిని ఆటకును తిరిగి పోవుట

దినకూలిపై జీవించు హమాలీకి మూడు నెలలు పని మానుట మాటలతో తేలు విషయము కాదు. కాని తొందరపడి మొదటి దినముననే 50 కిలోల సిమెంటు బస్తా నెత్తి తిరిగి గాయపడినచో ఆ మూడు నెలలును వ్యర్థమై, మరల మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. కావున వైద్యుడు సరేయన్న పిమ్మట మొదట బండి త్రోయుట, లెక్క చూచుట, నడుము ఎత్తు వరకే వస్తువులందించుట వంటి పనులు చేయుచు, తలపైకి ఎత్తు పనిని చివరకు ఉంచుకొనవలెను. తోటివారును, మేస్త్రీయు ఇందుకు సహకరించుట వారి ధర్మము.

మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు, కరేలాలు త్రిప్పుట పూర్వమునుండి వచ్చుచున్న వ్యాయామములు. ఇవి మంచివే, కాని నేలబారు దండీలును, తలవెనుకకు కరేలా త్రిప్పుటయు మానుచున్న భుజమునకు చివరి మెట్టు. ముందుకు తొలగిన భుజము గలవారు చేతిని ప్రక్కకెత్తి వెనుకకు వంచు భంగిమను, అనగా బంతి విసరుటకు సిద్ధపడు భంగిమను, వైద్యుడు అనుమతించువరకు విడిచిపెట్టవలెను. రెండు చేతులు సమానముగా పైకి లేచుచు, నొప్పి లేక, దెబ్బతిన్న చేతి బలము రెండవదానిలో నూటికి తొంబది వంతులకు చేరిన పిమ్మటనే కబడ్డీ, కుస్తీ వంటి ఆటలకు పోవుట క్షేమము.

కొన్ని సందేహములు, సమాధానములు

నొప్పి పుట్టనిదే బలము రాదా? వచ్చును. కండరమునకు కలుగు అలసట వేరు, కీలులో పొడుచు నొప్పి వేరు. మొదటిది అవసరము, రెండవది హెచ్చరిక.

నూనె మర్దన చేయవచ్చునా? గాయము మానిన పిమ్మట మెల్లగా చేయు మర్దన హాయి కలిగించును, బలము నీయదు. క్రొత్త గాయమును, కుట్లున్న చోటును, వాచిన కీలును రుద్దుట కూడదు.

మధుమేహము గలవారు ఏమి చేయవలెను? వీరిలో భుజము బిగిసిపోవు వ్యాధి ఇతరులకంటె హెచ్చుగా కనబడును. రక్తములోని చక్కెరను అదుపులో నుంచుకొని, వైద్యుడు చెప్పిన దినముననే కదలిక ప్రారంభింపవలెను; జాప్యము చేయరాదు.

ఆహారమేమి? పప్పు, పాలు, పెరుగు, వేరుసెనగ, గ్రుడ్లు, చేపలు మున్నగు మాంసకృత్తులు గల పదార్థములు కండరమునకు మేలు చేయును. పొగత్రాగుట గాయము మానుటకు అడ్డుపడును, మానుట ఉత్తమము.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భములు

భుజము ఆకారము మారినను, పడిన పిమ్మట చేయి లేవకున్నను, భుజము వెలుపలి చర్మమున స్పర్శ తెలియకున్నను, వ్రేళ్ళు చల్లబడి నీలమైనను, జ్వరముతో కీలు ఎర్రబారి వాచినను ఆలస్యము చేయకూడదు. దెబ్బ తగులకుండగనే భుజమున నొప్పి పుట్టి, దానితో రొమ్ము బరువు, చెమట, ఆయాసము కలిగినచో అది గుండెపోటు కావచ్చును. వ్యాయామము మాని తక్షణమే 108కి ఫోను చేయవలెను.

గుర్తుంచుకొనవలసినవి

మొదట గాయమేదో నిర్ణయము, తరువాత విశ్రాంతి, పిమ్మట కదలిక, అటుపిమ్మట బలము, చివరకు పని: ఇదియే క్రమము. ఏ మెట్టును దాటవేయరాదు. ఏ మెట్టుననైనను అవసరమునకు మించి నిలిచిపోరాదు. బరువు చిన్నదైనను నియమము తప్పక చేయువానికి భుజము తిరిగి పనికివచ్చును. కుటుంబభారము మోయు చేతికి నాలుగు నెలల ఓర్పు పెద్ద వెల కాదు.