ఆటోనగర్‌లో ఉండి బొమ్మలు గీసి బతకొచ్చా?

బొమ్మలు బాగా వేసే పిల్లలకు మన ఇళ్లలో దొరికే సలహా ఒకటే. బొమ్మలు సరదాకి వేసుకో, చదువు మాత్రం ఇంజినీరింగ్ చదువు అంటారు. ఆ మాట అనే పెద్దల ప్రేమను శంకించనక్కర్లేదు. వాళ్లు చూసిన ఆర్టిస్టు సినిమా బ్యానర్లు రాసినవాడు, ఫ్లెక్సీలు రాగానే పని పోగొట్టుకున్నవాడు. గాంధీనగర్ నిండా సినిమా పంపిణీ ఆఫీసులుండి, కొత్త సినిమా పడ్డప్పుడల్లా చేత్తో వేసిన కటౌట్లు లేచిన ఊరు విజయవాడ. ఆ కష్టం ఇక్కడివాళ్లకు బాగా గుర్తుంటుంది.

అయినా నా అభిప్రాయం ఇది. ఏ సంస్థలోనూ నెలజీతానికి చేరకుండా, పుస్తకాలకూ పత్రికలకూ ప్రకటనలకూ యాప్‌లకూ బొమ్మలు వేసి బతికే ఇండిపెండెంట్ ఇలస్ట్రేటర్ వృత్తి ఇవాళ విజయవాడలో ఉండే సాధ్యం. అయితే మీ గీతలో మరొకరి దగ్గర దొరకనిదేదో ఉండాలి. ఆ గీత మీద హక్కు మీ చేతిలోనే ఉండాలి. ఈ రెండింటి గురించీ కెరీర్ కౌన్సెలింగుల్లో ఎవరూ మాట్లాడరు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో మాత్రం చెబుతారు.

ఊరు దూరమైతే పని రాదన్న భయం అక్కర్లేదని మన ముందుతరం ఎప్పుడో తేల్చింది. వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో డ్రాయింగు మాస్టారి ఇంట పుట్టారు. చిన్నప్పుడు రవివర్మ వేసిన కోదండరాముడి బొమ్మ చూసి కుంచె పట్టారు. చందమామ పత్రిక మద్రాసులో అచ్చయితే, ఆయన అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉండేవారు. అక్కడినుంచి వేసిన అట్టబొమ్మలు తెలుగువాళ్ల ఇళ్లలోకి నడిచివచ్చాయి. ఇప్పుడు మీకు పోస్టాఫీసు పని కూడా లేదు, ఫైలు నిమిషంలో వెళ్లిపోతుంది.

బాపు సంగతి ఇంకా పనికొస్తుంది. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివారు. అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేశారు. కథలకు బొమ్మలు, కార్టూన్లు, పుస్తకాల అట్టలు, శుభలేఖలు వేశారు. 1967లో సాక్షితో సినిమాల్లోకి వచ్చాక షాట్లన్నీ ముందే బొమ్మలుగా గీసుకుని షూటింగుకు వెళ్లేవారు. దాన్నే ఇప్పుడు స్టోరీబోర్డ్ అంటున్నారు. సినిమా, వెబ్ సిరీస్, ప్రకటనల రంగాల్లో ఆ ఒక్క పనిమీదే బతుకుతున్నవాళ్లున్నారు. ఆయన చేతిరాతే కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. ఒక్క చెయ్యి ఇన్ని రకాల పనులు చేయగలదని ఇంటర్ చదివే పిల్లలకు ఎవరైనా చెప్పాలి. ఏలూరులో పుట్టిన మోహన్ విజయవాడలో విశాలాంధ్ర పత్రికలో పాత్రికేయుడిగా ఉండి బొమ్మల్లోకి వచ్చారు. రాజకీయ కార్టూన్ల నుంచి ప్రజాసంఘాల పోస్టర్ల దాకా, యానిమేషన్ దాకా వెళ్లారు. ఈ ముగ్గురూ మూడు దారుల్లో వచ్చారు. ముగ్గురిలో ఎవరి బొమ్మనైనా కింద సంతకం చూడకుండానే పోల్చుకోగలం.

ఆ పోలిక మీ బొమ్మకు ఎలా వస్తుంది? ఇన్‌స్టాగ్రామ్ చూసి గీస్తే రాదు. అక్కడ కనబడే పెద్ద కళ్ల అమ్మాయిని అదే యాప్‌లో, అదే బ్రష్‌తో వేలమంది వేస్తున్నారు. మీ వీధిలోకి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ పిల్లలైతే ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఏదైనా లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు ముందు కాసేపు నిలబడి చూడండి. చెక్కపనీ టింకరింగూ అయిపోయిన లారీ పెయింటింగుకు వస్తుంది. లప్పం, ప్రైమర్, అసలు రంగు అన్నీ పడ్డాక చివర్లో ఆర్టిస్టు వస్తాడు. సన్నకుంచెతో లైనింగ్ లాగుతాడు. క్యాబిన్ నెత్తిన దుర్గమ్మ పేరో, ఓనరు పిల్లల పేర్లో రాస్తాడు. వెనక డోరు మీద తామరపువ్వో నెమలో వేస్తాడు. ఆ రంగులు అలా ఎందుకున్నాయో ఆలోచించండి. బండి వేగంగా పోతున్నా, దుమ్ము కొట్టుకుని ఉన్నా, వెనక వచ్చే డ్రైవరుకు అక్షరం కనబడాలి. అందుకే ఎరుపు మీద పసుపు, నీలం మీద తెలుపు, అక్షరానికో నీడ. దూరం నుంచి చదివించడం ఇలస్ట్రేషన్‌లో మొదటి పాఠం. ఫోన్ తెర మీద బొటనవేలంత కనబడే పుస్తకం అట్టకూ ఇదే సూత్రం. ఇప్పుడు స్టిక్కర్ కటింగ్ మిషన్లు వచ్చి నంబర్ ప్లేట్ల పని చాలావరకు తీసేసుకున్నాయి. చేత్తో రాయడం వచ్చినవాడు ఆ మిషన్ ముందు కూర్చున్నా అతని అక్షరాల ఎడం వేరుగా ఉంటుంది. చూపు ముందు కుదిరితే పనిముట్టు ఏదైనా చేతికి లొంగుతుంది.

వెల్డింగ్ చేసేవాడి నడుం వంపు, టైరు విప్పేటప్పుడు భుజం మీద పడే బరువు, టీబండి చుట్టూ మనుషులు నిలబడే తీరు, నూనె మరకల నేలమీద మధ్యాహ్నపు ఎండ, వీటిని కొన్ని నెలలపాటు రోజూ గీయండి. ఫొటో తీసి ఇంట్లో గీయడం కాదు, అక్కడే నిలబడి గీయాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. రెండో వారానికి వాళ్లే పిలిచి నా బొమ్మ వెయ్యమంటారు.

మిగిలిన బడులు బస్సు దూరంలో ఉన్నాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను ఆరబెట్టి చెక్కుతారు. చేతులూ కాళ్లూ విడిగా చేసి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి ఆరాక రంగులు వేస్తారు. ఆ బొమ్మలో కండరాలుండవు, నీడలుండవు. కల్లుగీసే మనిషినైనా అంబారీ ఏనుగునైనా ఆకారం చూసే పోల్చుకుంటాం. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు. పెడనలో కలంకారీ అద్దకం చూడండి. టేకు చెక్కలో చెక్కిన అచ్చు ఒక్కో రంగుకు ఒక్కోటి ఉంటుంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్టమీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు పడుతుంది. రంగు పెరిగితే అచ్చు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. మూడు రంగుల్లో బొమ్మంతా చెప్పడం అలవాటైన ఇలస్ట్రేటర్‌ను ప్రచురణకర్త వదులుకోడు.

అమరావతి శిల్పాన్ని వదలొద్దు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో నలగిరి ఏనుగు పతకం ఉంది. ఒకే గుండ్రటి రాతి ఫలకంలో అదే ఏనుగు రెండుసార్లు కనబడుతుంది. ఒకపక్క మదించి మనుషుల్ని విసిరేస్తుంది, మరోపక్క బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది. మేడల కిటికీల్లోంచి జనం బెదిరిపోయి చూస్తుంటారు. కాలం గడవడాన్ని ఒకే చట్రంలో ఎలా చూపాలో కృష్ణ ఒడ్డు శిల్పి దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే తేల్చేశాడు. కామిక్స్ గీయాలనుకునేవాళ్లు జపాన్ మాంగాను శ్రద్ధగా చదవండి, దాంతోపాటు ఈ రాయినీ చదవండి.

సొంత ఊరి చూపు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్‌ను మించిన ఉదాహరణ లేదు. ఒక రెస్టారెంటు గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లిన ఆయన, ఆ నగరాన్ని తన పాటన్‌గఢ్ కళ్లతోనే చూశారు. ఆయన బొమ్మలో బిగ్‌బెన్ గడియారం కోడిపుంజైంది, నమ్మకంగా ఇంటికి చేర్చే సిటీబస్సు కుక్కయింది. చెన్నై తారా బుక్స్ 2004లో ఆ బొమ్మల్ని ద లండన్ జంగిల్ బుక్ పేరుతో వేసింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లండన్‌ను లండన్‌వాళ్లలా గీయాలని చూసి ఉంటే ఆ పుస్తకం పుట్టేదే కాదు.

ఇక చదువు. డిగ్రీ ఉంటేనే పని ఇస్తామని ఏ ప్రచురణకర్తా అడగడు, పోర్ట్‌ఫోలియో అడుగుతాడు. అయినా మంచి కళాశాలలో గడిపే నాలుగేళ్లు వృథా కావు. తోటివాళ్ల పని చూడటం, విమర్శ తట్టుకోవడం అక్కడే అలవాటవుతాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలై ఇప్పుడు అమరావతిలో ఉంది. బీడీఎస్ అనుకుని పొరబడకండి, అక్కడిది బీడెస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ డిజైన్. ప్రవేశానికి డ్యాట్ పరీక్ష రాయాలి. ఐఐటీల్లో డిజైన్ కోర్సులకు యూసీడ్ ఉంది, దాన్ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఫైన్ ఆర్ట్స్ చదవాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉన్నాయి. ఇంటి పరిస్థితి ఒప్పుకోనివాళ్లకు డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆపైన టీటీసీ టీచరు శిక్షణ అనే పాతదారి తెరిచే ఉంది. మొదటి రెండు మూడేళ్లు బొమ్మల మీద రాబడి నిలకడగా ఉండదు. ఏదో ఒక బడిలో డ్రాయింగ్ చెప్పుకుంటూ గీయడం చిన్నతనం కాదు. ఐప్యాడ్ కొనడానికి అప్పు చేయవద్దు. క్రీటా, ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతాయి, పాత కంప్యూటరుకు ఒక మామూలు పెన్ టాబ్లెట్ తగిలించుకుంటే చాలు.

పోర్ట్‌ఫోలియోలో పన్నెండు పదిహేను బొమ్మలు చాలు. అభిమాన హీరో పోర్ట్రెయిట్లు, దేవుడి బొమ్మల నకళ్లు అందులో పెట్టకండి. బాపు గీతను అచ్చుగుద్దినట్టు దించేవాళ్లు మనకు కావలసినంతమంది ఉన్నారు. నేర్చుకోవడానికి దించండి, చూపడానికి మాత్రం మీదే గీయండి. ఆర్ట్ డైరెక్టరు వెతికేది వేరే: ఒకే పాప నవ్వుతూ, ఏడుస్తూ, వెనక్కి తిరిగి, వానలో పరిగెడుతూ ఉన్నా ఆ పాపే అనిపిస్తోందా? పిల్లల పుస్తకం సాధారణంగా ఇరవైనాలుగో ముప్పైరెండో పేజీలుంటుంది. అన్ని పేజీల్లోనూ పాత్ర మారకుండా నిలపడమే అసలు పరీక్ష. అందుకని ఏదైనా కృష్ణా జిల్లా జానపద కథ తీసుకుని పుస్తకమంతటికీ చిన్నచిన్న రఫ్‌లు వేసి, మూడు పేజీలు పూర్తిగా రంగుల్లో చేసి పెట్టండి. మూడువందల డీపీఐ, సీఎంవైకే రంగులు, కట్టింగుకు చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనం, మధ్యలో మడతపడేచోట ముఖం రాకుండా జాగ్రత్త, ఈ అచ్చు సంగతులన్నీ తెలియాలంటే ప్రింటింగ్ ప్రెస్సులో వారం రోజులు కూర్చోండి. విజయవాడలో ప్రెస్సులకు కొదవలేదు.

ఇప్పుడు హక్కుల గురించి. ఇది అందరూ దాటేసే విషయం, అందుకే నిదానంగా చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకు మొదటి హక్కుదారు గీసినవారే. కానీ ఉద్యోగంలో భాగంగా గీస్తే సాధారణంగా యజమానిది. ఇంకో మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వేయించుకున్నవారికే పోతుంది. అంటే కాగితం లేకపోతే నష్టం మీకే. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికని చట్టం అనుకుంటుంది. బొమ్మను వికృతం చేసినప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు, ఇది నాదేనని చెప్పుకునే హక్కు, అన్నీ అమ్ముకున్నాక కూడా మీకుంటాయి.

కాబట్టి పని ఒప్పుకునేముందు ఒక పేజీ రాసుకోండి, మెయిల్‌లోనైనా సరే. ఎన్ని బొమ్మలు, ఎంత సైజు, ఎప్పటికి ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఆపైన మారిస్తే ఎంత, మధ్యలో పని ఆపేస్తే ఎంత, బొమ్మను తెలుగు పుస్తకానికే వాడతారా లేక టీషర్టులకూ వాడతారా అన్నీ ఉండాలి. మూడోవంతు ముందుగా, మరో మూడోవంతు రఫ్‌లు ఒప్పుకున్నాక, మిగతాది ఫైళ్లు ఇచ్చేటప్పుడు అడగండి. ఆటోనగర్‌లో ఆర్టిస్టు అడ్వాన్సు అడగడానికి మొహమాటపడడు, ఎంబీఏ చదివిన పిల్లలు పడుతున్నారు. డబ్బు అడిగితే కళ పలచబడుతుందనే భావన మనలో ఎవరు నాటారోగానీ, దానివల్ల ఎంతోమంది ప్రతిభావంతులు ఈ వృత్తి వదిలేశారు.

ఏఐ బొమ్మల సంగతి అడగకుండా ఏ తల్లిదండ్రులూ ఉండటం లేదు. చవకరకం పనులు, ఏ ఊరికీ చెందని బొమ్మలు దానికి పోతాయి, పోతున్నాయి కూడా. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం అన్యాయం. కానీ దివిసీమ చేపలబుట్టకూ కొల్లేటి చేపలబుట్టకూ తేడా చూసి గీయడం, రచయితతో కూర్చుని ఈ పాప ఇక్కడ ఏడవకూడదండీ అని వాదించడం, ఒప్పుకున్న తేదీకి బాధ్యతగా ఇవ్వడం మనిషి పనులే. మీ సాధన అటువైపు ఉండాలి.

మొదటి పని కోసం ఎక్కడికి రాయాలి? తెలుగులో పిల్లల పుస్తకాలు వేసే ‘మంచి పుస్తకం’ సంస్థ, తెలుగు సహా పలు భాషల్లో ప్రచురించే చెన్నైలోని తూలిక, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వంటి చోట్ల పుస్తకాలు ముందు చదవండి. స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగానే చదవొచ్చు. ఎవరు ఏ రకం బొమ్మలు వేయిస్తున్నారో పట్టిక రాసుకోండి. జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాళ్ల దగ్గర ప్రచురణకర్తలే కూర్చుంటారు. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి, అట్టలు బాగాలేని పుస్తకాన్ని విమర్శించకుండా, మీ బొమ్మలు చూపించండి. ఇటలీలో బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శన ఏటా జరుగుతుంది. ఇలస్ట్రేటర్ల ఎగ్జిబిషన్‌కు ఒకే అంశం మీద ఐదు బొమ్మలు పంపమంటారు. ఎంపిక కావడం కష్టం, ఒకే అంశం మీద ఐదు బొమ్మలు పూర్తిచేయడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

మెయిల్ నాలుగు వాక్యాలు మించకూడదు. వాళ్ల పుస్తకం ఏది చదివారో, అందులో మీకేం నచ్చిందో, మీరేం గీస్తారో రాసి మూడు బొమ్మలు, పోర్ట్‌ఫోలియో లింకు జతచేయండి. జవాబు రాకపోతే నెలకు ఒకసారి, కొత్త బొమ్మతో మాత్రమే, మళ్లీ రాయండి. డబ్బు రావడం మొదలయ్యాక ప్రతి పనికీ నంబరు వేసిన ఇన్‌వాయిస్ పంపండి. కంపెనీలు టీడీఎస్ కోస్తే రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి పాన్ కార్డు, వేరే బ్యాంకు ఖాతా మొదటి నుంచే ఉంచుకోండి. మన రాష్ట్రంలో సేవలకు ఏటా ఇరవై లక్షల రూపాయల రాబడి దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. విదేశీ పనులు మొదలయ్యేనాటికి మాత్రం బెంజ్ సర్కిల్లోనో బందరు రోడ్డులోనో ఒక ఆడిటరు దగ్గర కూర్చుని నిబంధనలు అడిగి రాసుకోండి.