తకిట తకిట తక: బాంజో మీద తొలి పాట

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

షార్లెట్‌లో అయిదు తీగల బాంజో కొన్నావనీ, మూడు వేళ్ళతో మీటడం మొదలుపెట్టావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. తొలి పాటగా ‘ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్’ ఎంచుకున్నావని కూడా చెప్పింది. ఆ పాట ఇప్పుడు వద్దమ్మా. ఎర్ల్ స్క్రగ్స్ దాన్ని రికార్డు చేసింది 1949 డిసెంబరులో. అప్పటికి అతనికి పాతికేళ్ళు. పదేళ్ళ వయసులో మూడు వేళ్ళ వాయింపు పట్టుబడ్డ మనిషి, పదిహేనేళ్ళ సాధన తర్వాత వాయించిన వేగం అది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ వేగం కోసం పరిగెత్తితే తీగల చప్పుడు మిగులుతుంది, పాట మిగలదు.

ముందు ‘క్రిపుల్ క్రీక్’ పట్టుకో. అపలాచియన్ కొండల్లో తరాలుగా వాయిస్తున్న పాట అది. రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండేసి సార్లు, మొత్తానికి మూడే కార్డులు. స్క్రగ్స్ కూడా 1961లో వచ్చిన ‘ఫాగీ మౌంటెన్ బాంజో’ ఆల్బమ్‌లో దీన్ని వాయించాడు. చిన్న పాటే అయినా స్లైడ్, హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్ మూడూ అందులో ఉన్నాయి. ఎడమచెయ్యి మొదటి అయిదు మెట్లు దాటి పోనక్కర్లేదు.

చిన్నప్పుడు వీణ నేర్చుకున్నదానివి కనుక ఒక సంగతి నీకు సులువుగా అందుతుంది. బాంజోకు మామూలుగా చేసే ఓపెన్ జీ శ్రుతిలో జీని షడ్జమం అనుకుని చూడు. నాలుగో తీగ మంద్ర పంచమం, మూడోది షడ్జమం, రెండోది అంతర గాంధారం, మొదటిది పంచమం. అయిదో మెట్టు దగ్గర మొదలయ్యే ఆ పొట్టి తీగ తారస్థాయి షడ్జమం. తంబూరాకు అలవాటుపడ్డ చెవికి రెండో తీగ గాంధారం కొంచెం ఎక్కువ పలికినట్టు ఉంటుంది. ట్యూనరు చూపించిన చోటు నుంచి వెంట్రుకవాసి దించు, కుదురుకుంటుంది. అక్కడి బాంజో వాళ్ళలోనూ చాలామంది అలాగే చేస్తారు.

ఆ పొట్టి తీగను చూసి కంగారుపడకు. వీణలో తాళం తీగల పని చిటికెనవేలిది, ఇక్కడ పొట్టి తీగ పని బొటనవేలిది. పాట ఎటు నడిచినా తార షడ్జమం మధ్యమధ్య మోగుతూనే ఉంటుంది. ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది కాదు. బాంజోకు మూలమైన సొరకాయ బుర్ర వాద్యాలు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో కరీబియన్‌కూ అమెరికాకూ చేరాయి. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా జనం వాయించే అకోంటింగ్‌కు ఈనాటికీ బొటనవేలితో మీటే పొట్టి తీగ ఉంది. నువ్వుండే నార్త్ కరొలైనా రాష్ట్రంలోనే పుట్టిన రియానన్ గిడెన్స్ బాంజో వాయింపు విను. ఆ వారసత్వం అందులో ప్రాణంతో వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి కుడిచెయ్యి. కొత్తవాళ్ళ దృష్టంతా ఎడమచేతి వేళ్ళ మీదే ఉంటుంది. కానీ ఈ పద్ధతిలో పాటను మోసేది కుడిచేతి వరసలే. వాటినే రోల్స్ అంటారు. ఒక వరసలో ఎనిమిది స్వరాలు. ఫార్వర్డ్ రోల్‌లో చూపుడువేలు రెండో తీగ, నడిమివేలు మొదటి తీగ, బొటనవేలు అయిదో తీగ మీటుతాయి. అదే మళ్ళీ ఒకసారి, ఆ తర్వాత చూపుడువేలూ నడిమివేలూ మాత్రమే. మూడు, మూడు, రెండు. నోటితో ‘తకిట తకిట తక’ అంటూ వాయించు, మెట్రొనోమ్ తర్వాత చూసుకోవచ్చు. ఆల్టర్నేటింగ్ థంబ్ అనే ఇంకో వరసలో బొటనవేలు ఒక స్వరం విడిచి ఒక స్వరం వస్తుంది: మూడు, రెండు, అయిదు, ఒకటి, నాలుగు, రెండు, అయిదు, ఒకటో తీగలు. దానికి ‘తకదిమి తకజొణు’ సరిగ్గా సరిపోతుంది. ‘క్రిపుల్ క్రీక్’ చాలావరకు ఈ రెండింటి మీద, వీటి చిన్న చిన్న మార్పుల మీద నడుస్తుంది.

ఎనిమిది స్వరాలూ ఒకే బలంతో మోగితే పాట ఎక్కడుందో వినేవాడికి తెలియదు. పాటకు చెందిన స్వరం కొంచెం గట్టిగా, చుట్టూ నింపే స్వరాలు కొంచెం మెల్లగా రావాలి. స్క్రగ్స్ గొప్పతనం వేగంలో కన్నా ఇక్కడే ఉందని మావయ్య గట్టి నమ్మకం. అంత జోరులోనూ పాట విడిగా వినిపిస్తుంది. అందుకని తీగ ముట్టుకునే ముందు పాటను గొంతుతో పాడు, స్వరం కట్టు. రెండో భాగంలో మూడో తీగ మీద రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు ఒక జారు ఉంది. అది సాధారణ గాంధారం దగ్గర ఆగుతుంది, వెంటనే రెండో తీగ అంతర గాంధారం పలుకుతుంది. రెండు గాంధారాలూ అలా పక్కపక్కన రావడంలోనే ఈ సంగీతం రుచి ఉంది. జారును తొందరపెట్టకు.

తప్పు స్వరం పడిందని చెయ్యి ఆపడం ఇంకో అలవాటు. ఆపకూడదు. ఎర్ల్, అతని అన్న హొరేస్ చిన్నతనంలో చేసిన సాధన ఒకటుంది. ఇద్దరూ ఇంటి ముందు ఒకే పాట మొదలుపెట్టి, వాయిస్తూ ఇంటి చుట్టూ చెరోవైపు నడిచేవారు. మళ్ళీ ఎదురుపడేసరికి ఇద్దరూ పాటలో ఒకే చోట ఉన్నారో లేదో చూసుకునేవారు. పక్కన తోడు లేనప్పుడు కూడా లయను లోపల ఎలా నిలుపుకోవాలో ఆ పిల్లలకు అలా తెలిసింది. మీ తమ్ముడు గిటారు వాయిస్తాడుగా, వాణ్ణి లాక్కురా.

చిన్న చిన్న జాగ్రత్తలు: లోహపు పిక్కులు గోటి వైపు కాదు, వేలి మెత్తటి వైపు ఉండాలి. ఉంగరపువేలు, చిటికెనవేలు బ్రిడ్జి దగ్గర తోలు మీద ఆనించుకుంటే చెయ్యి నిలకడగా ఉంటుంది. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకు. బ్రిడ్జిని అతికించరు, తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది.

వీలున్న శనివారం షెల్బీ వెళ్ళిరా, మీ ఊరి నుంచి కారులో గంట ప్రయాణం. స్క్రగ్స్ కుర్రతనంలో మిల్లులో పనిచేసిన ఊరు అది. పాత కోర్టు భవనంలో 2014లో అతని పేరిట మ్యూజియం తెరిచారు. దసరా లోపు ‘క్రిపుల్ క్రీక్’ రెండు భాగాలూ రెండేసి సార్లు, ఆగకుండా వాయించి రికార్డు పంపు. ఎంత నిదానంగా ఉన్నా సరే, మావయ్య చెవి నీ బొటనవేలి మీదే ఉంటుంది.

ఇట్లు,
మావయ్య