విదేశీ విధుల్లో జవాను... తిరుపతిలో విడాకుల కేసు ఎలా?

ప్రశ్న: మా తమ్ముడు జవాను. ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో దక్షిణ సుడాన్‌లో ఉన్నాడు. పెళ్లి తిరుపతిలో జరిగింది. భార్యాభర్తలిద్దరూ విడిపోవాలనే నిర్ణయానికొచ్చారు. సెలవు దొరకడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పెళ్లి జరిగిన ఊరి కోర్టుకు విచారణాధికారం ఉంటుంది కాబట్టి తిరుపతిలోనే కేసు వేయొచ్చు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరాలంటే, అప్పటికే ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి.

సెలవు దొరకని సైనికుడికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డర్ దారి చూపుతోంది. తన తరఫున కేసు నడిపే అధికారం మీకు ఇస్తున్నట్టు మీ తమ్ముడు కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సంతకం చేయాలి. ఆ పత్రంపై ఆఫీసర్ కూడా సంతకం పెట్టాక కోర్టులో దాఖలు చేయాలి.

పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణాలుంటే కోర్టు దాన్ని మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాలేనివారి తరఫున తల్లిదండ్రులో తోబుట్టువులో హాజరయ్యేందుకు, వీడియో కాన్ఫరెన్స్‌కు అనుమతించవచ్చనీ అదే తీర్పులో ఉంది.

ఒకవేళ భార్యే ఒంటరిగా కేసు వేస్తే? విదేశంలో ఉన్న సైనికుడి తరఫున ఎవరూ లేనప్పుడు, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం ప్రకారం విచారణ వాయిదా పడుతుంది. అలాగని ఆమె భరణం ఆగిపోకూడదు. ఆర్మీ చట్టం కింద జవాను జీతంలోంచి దాన్ని మినహాయించే వీలుంది.