మూడు తుపాకులు ఉంచుకోవచ్చా?

ప్రశ్న: నాన్నగారు ఈమధ్యే పోయారు. ఆయన లైసెన్సు మీద డబుల్ బ్యారెల్ తుపాకీ, రివాల్వర్ ఉన్నాయి. నాకిప్పటికే లైసెన్సున్న పిస్టల్ ఉంది. మూడూ ఉంచుకోవచ్చా?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: కుదరదండీ. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ, మనిషికి మూడుగా ఉన్న పరిమితిని రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. నాన్నగారి లైసెన్సు మీకు చెల్లదు. ముందు డబుల్ బ్యారెల్ తెరిచి, రెండు గొట్టాల్లోనూ తూటాల్లేవని చూసుకోండి. రివాల్వర్ కూడా అంతే. స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి, రెండూ ఆలస్యం లేకుండా అక్కడ జమచేసి రసీదు తీసుకోండి. ఒకటి కావాలనుకుంటే వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి. నన్నడిగితే, ఆత్మరక్షణకు ఒక్కటే ఎక్కువ. అదీ ఖాళీగా, తూటాలకు దూరంగా, తాళంలో ఉండాలి.

తోబుట్టువులు అభ్యంతరం చెబితే న్యాయవాదిని కలవండి. ఇంట్లో ఎవరైనా చనిపోవాలని ఉందంటే మాత్రం పిస్టల్ కూడా వెంటనే స్టేషన్‌లో అప్పగించి, వారిని ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.