బి, టి కణాలను విడదీసిన మాక్స్ కూపర్

రోగ నిరోధక శాస్త్రంలో తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు మాక్స్ డి. కూపర్. 1933లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన ఈయన పిల్లల వైద్యుడు. పుట్టుకతోనే రోగ నిరోధక లోపం ఉన్న చిన్నారులకు చికిత్స చేస్తుండగా కలిగిన సందేహమే ఆయన్ను పరిశోధన వైపు నడిపింది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కోడిపిల్లలపై ఆయన చేసిన ప్రయోగాలు 1965లో వెలువడ్డాయి. పిల్లలు గుడ్డు నుంచి బయటికొచ్చిన వెంటనే కొన్నింటికి థైమస్ గ్రంథిని, మరికొన్నింటికి తోక దగ్గరుండే బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్‌ను తొలగించి, రేడియేషన్ ఇచ్చారు. బర్సా లేని పిల్లల్లో ప్రతిదేహాలు తయారు కాలేదు. అయినా పరాయి చర్మాన్ని తిరస్కరించే శక్తి వాటికి మిగిలింది! థైమస్ లేనివాటిలో ఆ శక్తే దెబ్బతింది. అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఒకే రకం కావని తేలింది. బర్సా నుంచి బి, థైమస్ నుంచి టి అనే పేర్లు వచ్చాయి. మనిషికి బర్సా ఉండదు, బి కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

ఈ విభజనతో వ్యాధులూ విడివడ్డాయి. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ వర్ణించిన ప్రతిదేహాల లోపం బి కణాలకు సంబంధించినది; డిజార్జ్ సిండ్రోమ్‌లో థైమస్ సరిగా ఎదగక టి కణాలు తగ్గుతాయి.

థైమస్ పాత్రను 1961లోనే వెల్లడించిన జాక్వెస్ మిల్లర్‌తో కలిసి కూపర్ 2019లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు.